రత్నాలమ్మ చిటికెల పాట

పలాస స్టేషను రోడ్డులో భానుమూర్తి మైకు సెట్టు అంటే తెలియనివాడు ఆ చుట్టుపక్కల లేడు. పెళ్లయినా, పేరంటమైనా, ఎన్నికల మీటింగయినా ఆ రెండు గరాటాలూ కొబ్బరిచెట్టుకి కట్టాల్సిందే, అందులోంచి భానుమూర్తి గొంతు సవరించుకుని "హలో, హలో" అనాల్సిందే. తండ్రి నరహరిశాస్త్రి గారు పురోహితుడు. కొడుకు మంత్రాలు వదిలేసి మైకులు పట్టుకున్నాడని మొదట్లో ఆయన తొక్కని చిందు లేదు. ఒక పెళ్లిలో తన మంత్రాలు ఊరి చివరిదాకా వినబడ్డాయని తెలిశాక కాస్త మెత్తబడ్డాడు. ఇప్పుడు మైకు లేని పెళ్లికి తాను రానని ఆయనే పేచీ పెడుతున్నాడు.

ఆ సెట్టుకి ప్రాణం రికార్డు మిషను. బరంపురంలో ఎవరో వాడి వదిలేసిన దాన్ని కొని, భానుమూర్తి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు. దానికి పక్కన ఒక మీట ఉండేది. అది ఎందుకో అమ్మినవాడు చెప్పాడో, చెబితే ఇతను విన్నాడో, ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఊరూరా తిరిగే మిషను కదా, ఉద్దానం తీరపు ఉప్పుగాలికి ఆ మీట తుప్పుపట్టి ఒక మూల బిగుసుకుపోయింది. పోతే పోయిందనుకున్నాడు భానుమూర్తి. అతని దగ్గరున్నవన్నీ పాతకాలపు పెద్ద రికార్డులు, అన్నీ చక్కగా పాడుతున్నాయి. పాడుతున్న మిషనుని ఎవడు విప్పి చూస్తాడు?

అరవై ఎనిమిది వేసవిలో అతని చేతికి ఒక కొత్తరకం రికార్డు వచ్చింది. చిన్నది, అప్పడమంత. మద్రాసులో తీసిన కొత్త సినిమాలో క్లబ్బు డాన్సు పాట. సినిమా ఇంకా ఇటువైపు రాలేదు. పెద్ద ఊళ్లన్నీ తిరిగి తిరిగి, గీతలు పడి, ముక్కలు అతికించుకుని ఆ రీళ్లు టెక్కలి టూరింగు టాకీసుకి చేరేసరికి ఏడాది పట్టేది. పాటలు మాత్రం ముందే వచ్చేసేవి. రికార్డు మధ్యలో కాగితం మీద నలభై అయిదు అని అచ్చువేసి ఉంది. పాట నంబరు కాబోలనుకున్నాడు భానుమూర్తి. మిషను మీద పెట్టి ముల్లు దించాడు.

ముందు చిటికెలు. పెనం మీద జీడిగింజలు పేలినట్టు చిటపట చిటపట చిటికెలు. ఆ వెనకే బాజాలు, ఆ వెనకే పాట. ఏం వేగం! పాడే ఆమె గొంతు పాలు తాగే పిల్ల గొంతులా సన్నగా, పైపైకి ఎగిరిపోతోంది. మాట అర్థమయ్యేలోపు చరణం అయిపోతోంది. ఎదురు టీకొట్లో కూర్చున్న రామూర్తి గ్లాసు కింద పెట్టేశాడు.

"పాడింది సిన్న గుంటేట్రా?" అన్నాడు.

"ఇది ఇంగ్లీషు పద్ధతి" అన్నాడు భానుమూర్తి, తనకేదో తెలిసినట్టు. "ఇప్పుడు మద్రాసులో అంతా ఇలాగే పాడుతున్నారుట."

అంతే. నెల తిరిగేసరికి పలాసలో ఆ పాట పాడనివాడు పాపం చేసుకున్నట్టయింది. జీడిపప్పు బట్టీల దగ్గర ఆడవాళ్లు ఆ వేగానికి గింజలు కొట్టడం మొదలుపెట్టారు. మేస్త్రీలు మురిసిపోయారు. బడిపిల్లలు నాలుక మడతపడకుండా ఎవరు బేగి పాడగలరో పందేలు వేసుకున్నారు. అందరూ దాన్ని చిటికెల పాట అన్నారు. ఆ పాటకి అసలు వేగం వేరే ఉందనీ, తుప్పుపట్టిన మీట వల్ల అది పరుగులు పెడుతోందనీ ఊళ్లో ఒక్కడికి కూడా అనుమానం రాలేదు. భానుమూర్తికి అసలే రాలేదు.

ఆ పాటని ఆడాల్సిన మనిషి రత్నాలమ్మ. కాశీబుగ్గలో ఉంటుంది. అమ్మవారి సంబరాల్లో స్టేజీ మీద రికార్డింగు డాన్సులు చేసే జట్టుకి పెద్ద. తెర వెనక భానుమూర్తి రికార్డు పెడితే తెర ముందు ఆమె ఆడేది. ఆమె ఆడుతోందంటే కంచిలి నుంచి వజ్రపుకొత్తూరు దాకా జనం బళ్లు కట్టుకుని వచ్చేవారు. అయితే ఆమెకి నలభై దగ్గరపడింది. పొద్దున్నే మంచం దిగాలంటే మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. ఆ సంగతి భానుమూర్తికీ, అతని భార్య మంగాదేవికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

భానుమూర్తి ఆమెని అప్పా అని పిలిచేవాడు. అతనికి తోడబుట్టిన అక్క లేదు. అతని మొట్టమొదటి సంబరంలో మిషను మొరాయించి, జనం రాళ్లు ఏరుకోవడం మొదలుపెట్టినప్పుడు, రత్నాలమ్మ తనే గొంతెత్తి పాడుకుంటూ రెండు గంటలు ఆడి అతని పరువు నిలబెట్టింది. తెర వెనకకి వచ్చి, ఏడుస్తున్న కుర్రాణ్ణి చూసి, "ఊరుకో పంతులూ, మిషను మడిసేటి, సెప్పినట్టు ఇనడానికి" అంది. ఆ రోజు నుంచీ ఆమె కోసం ఏం చేయమన్నా చేస్తాడు.

వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటలున్న మోతుబరి ఢిల్లీశ్వరరావు. అక్కడి అమ్మవారి సంబరం కమిటీకి ఆయనే ప్రెసిడెంటు. ఒకరోజు ఆయన జీపులో పలాస వచ్చి, రత్నాలమ్మనీ భానుమూర్తినీ పిలిపించాడు.

"ఈ ఏడు సంబరానికి ఆ సిటికెల పాట ఉండాల" అన్నాడు. "పక్కూరోళ్లు బరంపురం నుంచి కుర్రపిల్లల జట్టుని తెత్తన్నారు. మనం తీసిపోకూడదు. సినిమాలో ఎలగుందో అచ్చం అలగే ఉండాల."

"సినిమా మీరు సూసినారా బాబూ?" అంది రత్నాలమ్మ.

"నాను సూసినేదు, నువ్వూ సూసినేదు. అయినా అలగే ఉండాల."

ప్రెసిడెంట్లు అలాగే మాట్లాడతారు. రత్నాలమ్మ చేతులు జోడించి సరేనంది.

ఆ సినిమా గురించి పలాసలో ఎవరికైనా తెలిసిందల్లా స్టేషను గోడ మీద అంటించిన పోస్టరు. అందులో డాన్సు పిల్ల ఒంటికి అతుక్కుపోయిన గౌను వేసుకుని నిలబడి ఉంది. మోచేతుల దాకా బిగుతు, ముంజేతుల దగ్గర గంటల్లా విచ్చుకున్న చేతులు, నడుముకి జానెడు వెడల్పు బెల్టు. సినిమా నలుపూ తెలుపూ. కానీ పోస్టరువాడు తన ఇష్టం వచ్చినట్టు గౌనుకి నారింజ రంగు పూశాడు. మంగాదేవికి అంతే చాలు. ఆమె పుట్టిల్లు హరిశ్చంద్రపురం. అక్కడ పెళ్లికాకముందే ఊరందరి జాకెట్లూ కుట్టిన పిల్ల. చుట్టాల్ని రైలెక్కించే వంకతో వరసగా స్టేషనుకి వెళ్లి, పోస్టరు ముందు నిలబడి కళ్లతోనే కొలతలు తీసుకుంది. నారింజ రంగు సాటిను గుడ్డ సంపాదించింది. నరహరిశాస్త్రి గారు బయటికి వెళ్లినప్పుడల్లా కుట్టుమిషను పరుగెత్తించింది.

గౌను తయారయ్యాక రత్నాలమ్మ పెరట్లోకి వచ్చి వేసుకుని చూసుకుంది. నిజం చెప్పాలంటే పోస్టరులో పిల్లకంటే బాగుంది. మంగాదేవి బుగ్గలు నొక్కుకుంది. భానుమూర్తి వరండాలో మిషను పెట్టి ముల్లు దించాడు. చిటికెలు మొదలయ్యాయి. రత్నాలమ్మ కుడికాలు ముందుకు వేసింది, ఎడమకాలు రావడానికి గౌనులో చోటు లేదు, పాట ఆగలేదు. ఆమె బావి గట్టు దగ్గర బొక్కబోర్లా పడింది.

"ఓలమ్మ!" అని మోకాలు పట్టుకుని కూర్చుండిపోయింది. "ఇలాటి గౌనేసుకుని ఇంత బేగి ఏ మడిసి ఆడగల్దు పంతులూ? ఆ పిల్ల ఎలగ ఆడిందో!"

"ఇరవై ఏళ్ల పిల్ల కదప్పా" అన్నాడు భానుమూర్తి. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

రత్నాలమ్మ మొహం ఒక్క క్షణం వాడిపోయింది. తర్వాత కొంగు లేదు కాబట్టి గౌను అంచుతోనే మొహం తుడుచుకుని లేచింది. "అయితే నానూ ఆడతాను" అంది.

మంగాదేవి కత్తెర తీసుకొచ్చి, అంత ముద్దుగా కుట్టిన గౌనుని తొడల దగ్గర నుంచి పరపరా విప్పేసింది. తన పాత నీలం పట్టు పరికిణీ చింపి, ముక్కోణాల ముక్కలు చేసి, ఆ సందుల్లో అతికించింది. ఇప్పుడు రత్నాలమ్మ తిరిగితే గౌను గొడుగులా విచ్చుకుంటోంది, నారింజలోంచి నీలం మెరుస్తోంది. పోస్టరులో ఇలా లేదే అని భానుమూర్తి నసిగాడు.

"పోస్టరులో పిల్ల నిలబడి ఉందండీ, ఆడటం లేదు" అంది మంగాదేవి. "ఆడేటప్పుడు ఇలాగే ఉంటుంది."

ఆ నెలంతా రత్నాలమ్మ ఆ పెరట్లో ఆడింది. అడుగులు తనే కట్టుకుంది. ఆ వేగానికి ఎవరు నేర్పగలరు? ఆడి, పడి, మోకాళ్లకి వేడి ఆముదం రాసి జిల్లేడాకు కట్టుకుని, మళ్లీ ఆడింది. పాట అయ్యేసరికి బావి గట్టు మీద కూలబడి, మాట రాక, చేత్తోనే ఇంకోసారి పెట్టమని సైగ చేసేది.

సంబరం రోజు పొద్దువాలేసరికి సముద్రపు ఒడ్డు ఊళ్లన్నీ అక్కడే ఉన్నాయి. రికార్డు మీద ముల్లు పడింది. నారింజ గౌను తెర చీల్చుకుని వచ్చింది. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పమంటే ఆ జనంలో ఒక్కరూ సరిగ్గా చెప్పలేరు. కళ్లు ఆర్పడానికి తీరిక లేదని మాత్రం అందరూ చెబుతారు. పాట అయిపోయింది. జనం ఒప్పుకోలేదు. మళ్లీ పెట్టమన్నారు. పెట్టాడు. ఆడింది. మూడోసారి పెట్టేటప్పుడు భానుమూర్తి తెర సందులోంచి ఆమె మొహం చూశాడు. నవ్వుతూనే ఉంది కానీ పెదవులు తెల్లబడ్డాయి. రికార్డుకి గీత పడిందని అబద్ధమాడి మిషను కట్టేశాడు.

ఢిల్లీశ్వరరావు ఆనందంతో స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నాడు. "సినిమాలో ఉన్నట్టే ఉందా నేదా?" అని అరిచాడు. పక్కూరివాళ్లలో ఎవడో, "సినిమా ఎవుడు సూసినాడు? అంతా కల్పితం" అని కూశాడు. ప్రెసిడెంటుకి రోషం పొడుచుకొచ్చింది.

"టెక్కలికి సినిమా రానీ! ఊరు ఊరంతా బళ్లు కట్టించి నానే తీసుకెల్తాను. ఇదే పాట, ఇదే ఆట కాకపోతే, వచ్చే ఏటి నుంచి ఈ స్టేజీ బరంపురం పిల్లలకే ఒగ్గేత్తాను. ఇదే అయితే, నాను పెసిడెంటుగా ఉన్నన్నాళ్లూ రత్నాలమ్మదే స్టేజీ! అమ్మోరి మీద ఒట్టు!"

అమ్మవారి మీద ఒట్టు పెట్టాక ఇక తిరుగు లేదు. ఈ ఒక్క స్టేజీ పోతే మిగతా ఊళ్లు కూడా వెనకే పోతాయని రత్నాలమ్మకి తెలుసు. అయినా ఆమె బెంగపడలేదు. సినిమా పాటే కదా ఆడింది, భయమేముంది? ఈలోగా నారింజకి నీలం ముక్కలు అతికించిన గౌనులు ఉద్దానమంతా పుట్టుకొచ్చాయి. గంట చేతుల జాకెట్టు లేని పెళ్లికూతురు లేదు. మంగాదేవికి ఊపిరాడనంత పని. రత్నాలమ్మ గౌను, రత్నాలమ్మ చేతులు అనేవారు దర్జీలు. సినిమాతార పేరు ఒక్కరికీ తెలియదు.

శీతాకాలంలో యాంప్లిఫయరు పాడైతే భానుమూర్తి బరంపురం వెళ్లాడు. రిపేరు కొట్టులో కూర్చుని ఉండగా పక్కన రికార్డు పెట్టారు. చిటికెలు వినబడ్డాయి. ఒకటి... ఆగి... ఇంకొకటి. తర్వాత ఒక నిండైన ఆడగొంతు, బద్ధకంగా, తీరిగ్గా, కవ్విస్తూ పాడటం మొదలుపెట్టింది.

"మీ మిషను నీరసించినట్టుందండీ" అన్నాడు భానుమూర్తి జాలిగా. "ఈ పాట ఇంత నెమ్మదిగా ఉండదు."

కొట్టువాడు అతన్ని ఎగాదిగా చూసి, మిషను పక్కనున్న మీట చూపించాడు. నిమిషానికి పెద్ద రికార్డులకి డెబ్బై ఎనిమిది చుట్లు, చిన్నవాటికి నలభై అయిదు. రికార్డు మీద రాసే ఉంటుంది కదా అన్నాడు. మీటని అటు జరిపాడు. నిండైన గొంతు ఒక్కసారిగా చంటిపిల్ల గొంతై కిచకిచలాడింది. కొట్లో అందరూ నవ్వారు.

సినిమా ఆ ఊళ్లో ఆడుతూనే ఉంది. మధ్యాహ్నం ఆటకి వెళ్లాడు. ఆ గొంతుకి తగ్గట్టే ఉంది డాన్సు. బిగుతు గౌనులో ఆ పిల్ల గజం చోటులో నిలబడి, నడుమూ భుజాలూ కదుపుతూ, మెల్లగా తిరిగింది. ఒక్క గంతు లేదు, ఒక్క పరుగు లేదు. నీలం ముక్కలు అసలే లేవు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచేశాడు. మంగాదేవి గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు.

"వెళ్లి చెప్పెయ్యండి" అంది చివరికి. "నలుగురిలో తెలిసేకంటే మన నోట వినడం నయం."

వెళ్లాడు. రత్నాలమ్మ గుమ్మంలో కూర్చుని మోకాళ్లకి కాపడం పెట్టుకుంటోంది. అతన్ని చూడగానే మొహమంతా వెలిగిపోయింది.

"వచ్చే వారమే టెక్కలికి సినిమా వత్తందట పంతులూ! ఆ పిల్లని సూడాలనుంది. నాకన్నా బేగి ఆడేత్తాదేమో!" అంది. "ఆడితే ఆడనీ. ఇరవై ఏళ్ల పిల్లతో సమానంగా ఆడినాననీసి నాకు నానే సెప్పుకుంటాను."

భానుమూర్తి తను వచ్చిన పని మోకాళ్లకి కొత్త తైలం గురించి చెప్పడానికే అన్నట్టు ఏదో చెప్పి, వెనక్కి వచ్చేశాడు. ఆ వారం రోజులూ అతని ప్రాణం ప్రాణంలో లేదు. టాకీసుకి నిప్పంటుకోవాలని ఒకసారి, రీలు పెట్టె దారిలో తప్పిపోవాలని ఒకసారి కోరుకున్నాడు. పురోహితుడి కొడుకు కాబట్టి రెండుసార్లూ లెంపలేసుకున్నాడు.

టెక్కలి టూరింగు టాకీసు ముందు ఆ సాయంత్రం బళ్లు బారులు తీరాయి. ప్రెసిడెంటు అన్న మాట ప్రకారం ఊరంతటినీ దింపాడు. ఓడిపోతే ఎగతాళి చెయ్యాలని పక్కూరివాళ్లు కూడా వచ్చారు. రత్నాలమ్మ జరీచీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని, పెళ్లివారిలా వచ్చింది. బండి దిగేటప్పుడు భానుమూర్తి చెయ్యి అందించి, "అప్పా, ఒక మాట" అన్నాడు. "ఆట మొదలైపోతాది, తర్వాత సెబుదూ" అని ఆమె మంగాదేవి భుజం పట్టుకుని ఆడవాళ్ల వైపు వెళ్లిపోయింది. ఆడవాళ్లకీ మగవాళ్లకీ మధ్య అడ్డంగా గుడ్డ కట్టి ఉంది. ఇవతల భానుమూర్తి ఇసకలో ఆ గుడ్డ పక్కనే కూలబడ్డాడు.

ఇంటర్వెల్ అయింది. క్లబ్బు సీను వచ్చింది. చిటికె వినబడింది. ఆగింది. ఇంకో చిటికె. భానుమూర్తి కళ్లు మూసుకున్నాడు.

అంతమంది జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. తెర మీద ఆ పిల్ల తీరిగ్గా పాడుతోంది, తీరిగ్గా నడుము తిప్పుతోంది. మొదటి చరణం సగానికి వచ్చింది. గుడ్డకి అవతల రత్నాలమ్మ మొహం ఎలా ఉందో ఊహించుకోవడానికి కూడా భానుమూర్తికి ధైర్యం చాలలేదు. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"ఓరె ఆపరేటరూ! తొంగున్నావేట్రా? బేగి తిప్పరా!"

అంతే, ఆనకట్ట తెగింది. కరెంటు నేదేట్రా అని ఒకడు, పాట సచ్చిపోతందిరా అని ఒకడు. ఆపరేటరు కంతలోంచి తల పెట్టి, మిషను సరిగ్గానే తిరుగుతోందని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఎవడు వింటాడు?

"ఆ పిల్లకి జొరమేటి, అలగ ఊగతంది?"

"గౌనేటి అలగ బిగదీసీసినారు! అడుగెలగ పడతాది? నీలం ముక్కలు ఎయ్యడం మరిసిపోనారు."

"గొంతు కూడా మారిపోనాది. మన పాటలో గుంట గొంతేది? ఇదెవుత్తో ముసిల్దానితో పాడించీసినారు."

ఎగతాళికని వచ్చిన పక్కూరివాళ్లే అందరికన్నా గట్టిగా అరుస్తున్నారు. ఎంతైనా వాళ్లూ ఆ సంబరం చూసినవాళ్లే, వాళ్ల ఇళ్లల్లోనూ నారింజ గౌనులున్నాయి. ఢిల్లీశ్వరరావు కుర్చీ మీంచి లేచాడు. తెర మీద వెలుగు ఆయన పంచె మీద పడింది.

"మా సంబరంలో సూసినోడి కంటికి ఇదేటి ఆనుతాది?" అని గర్జించాడు. "మా రత్నాలమ్మ కాడికొచ్చి నేర్సుకోమని కబురెట్టండిరా మద్రాసుకి!"

రత్నాలమ్మ, రత్నాలమ్మ అని టాకీసు దద్దరిల్లిపోయింది. తెర మీద ఆ సినిమాతార పాపం తన పాట తను పూర్తి చేసుకుని వెళ్లిపోయింది. ఆమెని పట్టించుకున్నవాడు లేడు. భానుమూర్తి ఇసకలో కూర్చుని నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తనకే తెలియలేదు.

ఆట అయ్యాక బయట పెట్రోమాక్సు లైటు దగ్గర ప్రెసిడెంటు మళ్లీ ఒట్టు గుర్తుచేసి, స్టేజీ రత్నాలమ్మదే అని చాటించాడు. రత్నాలమ్మ అందరికీ చేతులు జోడించింది. జనం సద్దుమణిగాక, బండి చక్రానికి ఆనుకుని నిలబడి భానుమూర్తిని పిలిచింది.

"పంతులూ, పాట అలగుంటాదా?"

"అలాగే ఉంటుందప్పా. మన మిషనుకి మీట బిగుసుకుపోయింది. నలభై అయిదులో తిరగాల్సింది డెబ్బై ఎనిమిదిలో తిరిగింది."

"నీకెప్పుడు తెలిసింది?"

"మొన్న బరంపురం వెళ్లినప్పుడు. చెప్పడానికి నోరు రాలేదు."

రత్నాలమ్మ నవ్వు మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, చక్రం పట్టుకుని, మంగాదేవిని పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ నీళ్లు నవ్వు ఆగిపోయాక కూడా ఆగలేదు.

"ఎంత బాగా ఆడింది ఆ పిల్ల" అంది. "ఎంత నెమ్మదిగా ఆడింది! అది నా వయసుకి సరిపోయే ఆట పంతులూ. ఏడాదంతా నన్ను పరిగెట్టించావు కదయ్యా."

"రేపే మీట బాగుచేయిస్తానప్పా. ఇక నుంచి..."

"దాన్ని ముట్టుకున్నావంటే సేతులిరగ్గొడతాను" అంది రత్నాలమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఇన్నావు కదా ఆళ్ల మాట. ఆళ్లకి ఆ పాట అలగే గావాల. నాకు తిండెట్టేదీ అదే."

భానుమూర్తి గెలిచిన మనిషిని బండెక్కించి, మోకాళ్ల కింద గడ్డి సర్ది, పలాస దాకా బండి వెనక నడిచాడు.

మర్నాడు పొద్దెక్కాక రత్నాలమ్మ పెరటి తలుపు తోసుకుని వచ్చింది. మామూలు నేతచీర, తల్లో పూలు లేవు.

"శాస్త్రిబాబు ఉన్నారేటి?" అంది మంగాదేవితో.

"మందసలో పెళ్లికి వెళ్లారు. మైకు లేదని అలిగి కూడా వెళ్లారు."

"అయితే తలుపెయ్యి తల్లీ. పంతులూ, ఓపాలి ఆ పాట సినిమాలో ఉన్నట్టు ఎయ్యి. నీ మీట ముట్టుకోకుండా."

భానుమూర్తి మిషను వరండాలోకి తెచ్చాడు. మీట ముట్టుకోకుండా ఎలాగో అతనికీ తెలియదు. ముల్లు దించాడు. జీడిగింజలు పేలాయి. ఏం తోచక, తిరుగుతున్న పళ్లెం అంచుకి చూపుడువేలు ఆనించి నొక్కాడు. చిటికెలు ఒకదానికొకటి దూరం జరిగాయి. చంటిపిల్ల గొంతు దిగింది, ఇంకా దిగింది, చివరికి నిండైన ఆడదాని గొంతైంది. వేలు కదిలితే గొంతు వణుకుతోంది. భానుమూర్తి ఊపిరి బిగబట్టి వేలు కదలకుండా పట్టుకున్నాడు.

రత్నాలమ్మ బావి దగ్గర నిలబడింది. కొంగు నడుముకి దోపింది. ఒక భుజం కదిపింది. ఇంకో భుజం కదపడానికి ఆమెకి కావలసినంత సమయం ఉంది. ఎక్కడికీ పరుగెత్తలేదు. నిలుచున్న చోటే, ఒక చెయ్యి గాలిలో లేపి, అది తనంతట తాను కిందికి దిగేదాకా చూస్తూ నిలబడింది. ఇంతకాలం తెర వెనక ఉండి, తెర సందులోంచి ముక్కలు ముక్కలుగా చూసిన భానుమూర్తి, ఆమె ఎంత పెద్ద ఆటగత్తె అన్నది ఆ పొద్దునే చూశాడు. ఇదంతా జనం చూడరే, ఎప్పటికీ చూడరే అని అతనికి దుఃఖం ముంచుకొచ్చింది. గుమ్మంలో మంగాదేవి చేతిలో సూదీ దారం అలాగే ఉండిపోయాయి.

పాట అయిపోయింది. అతని వేలు మంటెత్తిపోతోంది. రత్నాలమ్మ బావి గట్టు మీద కూలబడలేదు. నిలబడే ఉంది. ఆయాసం లేదు.

"ఇంకోపాలి" అంది.

భానుమూర్తి వేలు మార్చి, ముల్లు మళ్లీ మొదటికి పెట్టాడు.